మా బావ జీతం బాకీ కోసం తిరిగాక తెలిసిన సంగతులు

మీరు అడిగింది ఇది: "ఎంఏలో ప్రాంతీయ పాలన చదువుతున్నాను. దేశాలు కూర్చుని ఒప్పందాలు చేసుకుంటాయి, సరే. స్వచ్ఛంద సంస్థలు, దేశాల మధ్య వాటి నెట్‌వర్కులు అందులో నిజంగా ఏమైనా చేస్తాయా, లేక సదస్సులకు వెళ్లి రావడమేనా?"

చేస్తాయి. నాకు బాగా తెలిసింది గల్ఫ్ వలస ఒక్కటే కాబట్టి దాని గురించే చెబుతాను. మా బావకు రావాల్సిన జీతం కోసం రెండేళ్లకు పైగా తిరిగాను. ఆ తర్వాత నుంచి చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కూడా ఫారాలు రాసిపెడుతున్నాను.

మాది జగిత్యాల జిల్లా. బావ సౌదీలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పదకొండేళ్లు షట్టరింగ్ కార్పెంటర్‌గా చేశాడు. 2020 మార్చిలో కరోనాతో సైట్ ఆగింది, జీతమూ ఆగింది. అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, గడువు అయిపోయినా కంపెనీ రెన్యువల్ చేయించలేదు. కొన్నాళ్లు క్యాంపుకు బియ్యం, పప్పు పంపారు, తర్వాత అదీ లేదు. ఆగస్టులో ఫైనల్ ఎగ్జిట్ (ఇక తిరిగి రానక్కర్లేదని వేసే వీసా) కొట్టి, కరోనాలో మనవాళ్లను తేవడానికి ప్రభుత్వం నడిపిన వందే భారత్ ఫ్లైట్ ఎక్కించారు. ఎక్కే ముందు అరబ్బీలో ఉన్న ఒక కాగితం మీద సంతకం తీసుకుని, లెక్క చూసి డబ్బులు ఖాతాలో వేస్తామన్నారు. ఐదు నెలల జీతం, దాంతో పాటు సర్వీస్ డబ్బు, అంటే పని ముగిశాక చేసిన ఏళ్లను బట్టి ఇచ్చే మొత్తం, రావాలి. సౌదీ చట్టం ప్రకారం కంపెనీయే తీసేస్తే మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ఇవ్వాలి. బావ ఇంటికి తెచ్చుకున్నది ఒక ప్లాస్టిక్ కవర్. అందులో పాత అకామా, బ్యాంకు కార్డు, ఓవర్‌టైమ్ గంటలు రాసుకున్న చిన్న డైరీ. ఆ డైరీలో అంకెలన్నీ పెన్సిల్‌తో ఉన్నాయి, చెమటకు సగం చెరిగిపోయాయి.

సబ్ ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. జిల్లాలో దరఖాస్తు ఇస్తే ఇది ఢిల్లీ చూసుకోవాల్సిన విషయం అన్నారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే కంపెనీకి రాశామని జవాబు వచ్చింది. ఎవరూ కసురుకోలేదు, అది కూడా చెప్పాలి. కానీ మన చట్టం ఇక్కడి ఏజెంటు దాకానే పనిచేస్తుంది. అక్కడి లేబర్ కోర్టులో కేసు నడవాలంటే మనిషి అక్కడ ఉండాలి, లేదా అతని తరఫున ఎవరైనా ఉండాలి. బావ లాంటివాడు రెండింటికీ మధ్య పడిపోయాడు.

అప్పుడు ఎవరో చెబితే హైదరాబాద్‌లో వలస కార్మికుల కోసం పనిచేసే ఒక సంస్థకు వెళ్లాం. అక్కడి మేడమ్ కాగితాలు చూడకముందే పని మానేసిన తేదీ అడిగారు. "సౌదీలో 12 నెలల లోపే కేసు వేయాలి, మీకు ఇప్పటికే ఏడు నెలలు అయిపోయాయి" అన్నారు. అన్ని నెలల్లో ఆ ఒక్క మాట మాకు చెప్పినవాళ్లు లేరు. నాకు టెన్షన్‌తో చేతులు వణికాయి. ఆమె ఒక ఫారం ఇచ్చి, ఏ నెల ఎంత రావాలి, ఎంత వచ్చింది, సైట్ ఎక్కడ, తోటివాళ్లు ఎవరు, అన్నీ రాయించారు. పవర్ ఆఫ్ అటార్నీకి, అంటే బావ తరఫున అక్కడ కేసు నడపడానికి వేరొకరికి ఇచ్చే అధికార పత్రానికి, ఏ ఆఫీసులో ఏ ముద్ర వేయించాలో వరుసగా చెప్పారు. అరబ్బీ కాగితం ఫోటో బావ ఫోన్‌లో ఉంటే అక్కడికి పంపి చదివించారు. "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అని ఉంది అందులో.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ తర్వాత జరిగిన దాంట్లో ఉంది. బావ దగ్గర జీతం స్లిప్పులు లేవు. అదే కంపెనీలో, అదే క్యాంపులో ఉన్న ఒక నేపాలీ కుర్రాడు తన ఊరికి వెళ్లాక అక్కడి సంస్థలో ఇలాంటి వివరాలే ఇచ్చాడు. అతని దగ్గర ఫిబ్రవరి స్లిప్పు, మార్చి నుంచి ఖాతా ఖాళీ అని చూపించే బ్యాంకు కాగితం ఉన్నాయి. రెండు సంస్థలూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండటంతో ఆ కాగితాలు బావ కేసుకు కూడా పనికొచ్చాయి. ఒక నేపాలీ స్లిప్పును జగిత్యాల కేసుతో జతచేసే ఏర్పాటు నాకు తెలిసి ఏ ప్రభుత్వం దగ్గరా లేదు.

ఈ పని వెనక ఏళ్ల నాటి ఏర్పాటు ఉంది. మైగ్రెంట్ ఫోరమ్ ఇన్ ఏషియా అనే నెట్‌వర్క్ 1994 నుంచి నడుస్తోంది, దాని కార్యాలయం మనీలాలో ఉంది. 2020 జూన్ 1న అది కార్మిక సంఘాలు, న్యాయవాదుల బృందాలతో కలిసి జీతాల దోపిడీ మీద ఉద్యమం మొదలుపెట్టింది. కేసులు నమోదు చేయడంతో పాటు అంతర్జాతీయ క్లెయిమ్స్ కమిషన్ కావాలని, నష్టపరిహార నిధి పెట్టాలని అడిగింది. ఆ రెండూ సాధించలేకపోయింది. కానీ "జీతాల దోపిడీ" అనే పేరు పెట్టి, దేశాలవారీగా ఒకే తీరున లెక్క రాయడం వల్ల, కంపెనీలు ఎవరికీ తెలియకుండా మింగేసే డబ్బు బయటి ప్రపంచానికి కనిపించింది.

ఒక దేశం ఒంటరిగా దీన్ని ఎందుకు తీర్చలేదో మీ పేపర్‌లో తప్పకుండా రాయండి. 2020 సెప్టెంబర్‌లో మన కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ వెళ్లేవారి కనీస రెఫరల్ వేతనాన్ని, అంటే మనవాళ్లను తీసుకునే కంపెనీ ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని మన ప్రభుత్వం పెట్టే జీతాన్ని, 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. మన వాళ్ల ఉద్యోగాలు పోకుండా ఉండాలనేది కారణం. అంటే మనం ఎక్కువ అడిగితే కంపెనీ పక్క దేశం వాళ్లను తీసుకుంటుందని భయం. తెలంగాణలో గల్ఫ్ కార్మికుల సంఘం వాళ్లు హైకోర్టుకు వెళ్లారు, 2021లో కేంద్రం ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకుంది. ఆ భయం మాత్రం అబద్ధం కాదు. ఫిలిప్పీన్స్ 2006 చివర్లో ఇంటి పనివాళ్లకు నెలకు 400 డాలర్లు ఉండాలని పెట్టినా, అక్కడికి వెళ్లాక వేరే కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకుని తక్కువ ఇచ్చిన కేసులు ఎన్నో. పంపే దేశాలన్నీ ఒక మాట మీద నిలబడితే తప్ప ఈ బేరం ఆగదు.

ఒక మాట మీదికి రావడానికి వేదికలు ఉన్నాయి. 2003లో కొలంబో ప్రాసెస్ మొదలైంది, అది పనివాళ్లను పంపే ఆసియా దేశాల వేదిక, ఇప్పుడు అందులో 12 దేశాలు. 2024లో దాని అధ్యక్ష స్థానం మన దేశానికి వచ్చింది. 2008 నుంచి అబుదాబి డైలాగ్ ఉంది, అందులో పనివాళ్లను పంపే దేశాలూ, తీసుకునే దేశాలూ కూర్చుంటాయి. వీటిలో ఏదీ ఎవరినీ కట్టిపడేయదు. ఇక దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ సంగతి: 2014 కాట్మండు ప్రకటనలో వలస కార్మికుల భద్రతకు కలిసి పనిచేస్తామని రాశారు, ఆ తర్వాత ఇంతవరకు శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. ప్రభుత్వాలు మాట్లాడుకోని ఈ కాలంలో కూడా కాట్మండు, ఢాకా, కొలంబో, హైదరాబాద్ సంస్థలు వారం వారం ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాయి. నా కళ్లతో చూసింది ఇది.

లోపాలు లేవని అనను. ఒకసారి అలాంటి సమావేశానికి నన్నూ పిలిచారు. రెండు రోజులు మొత్తం ఇంగ్లీషులోనే జరిగింది. నాతో వచ్చిన గల్ఫ్ రిటర్నీకి భోజనాల దగ్గర తప్ప మాట్లాడే అవకాశం రాలేదు. నాకు చాలా బాధ కలిగింది, నిర్వాహకులకు చెప్పాను కూడా. ఈ సంస్థలను ఎవరూ ఎన్నుకోలేదు, మరి ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న న్యాయమైనదే. డబ్బు సంగతి కూడా ఉంది. 2020 సెప్టెంబర్‌లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థకు వచ్చిన విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పెద్ద సంస్థ ద్వారా నిధులు అందుకునే ఊరి స్థాయి సంస్థలకు అది గట్టి దెబ్బ. కవర్లు పట్టుకుని జనం వచ్చేది మాత్రం వాటి దగ్గరికే.

బావకు 2023 ఫిబ్రవరిలో డబ్బు వచ్చింది. సర్వీస్ డబ్బులో సగం కంటే కొంచెం ఎక్కువ. ఐదు నెలల జీతం రాలేదు, ఆ అరబ్బీ కాగితమే అడ్డుపడింది. అక్క ఆ డబ్బుతో ముందు వడ్డీ అప్పు తీర్చింది.

మీరు దీని మీద ప్రాజెక్టు రాస్తుంటే మెట్‌పల్లి, కోరుట్ల వైపు రండి, మాట్లాడేవాళ్లను నేను చూపిస్తాను. ఇప్పుడు నా దగ్గర మూడు ఫారాలు ఉన్నాయి. అందులో ఒకతను సౌదీ నుంచి వచ్చి పదిన్నర నెలలైంది, అతని పవర్ ఆఫ్ అటార్నీకి ఇంకా ఒక ముద్ర పడాలి. రేపు పొద్దున మొదటి బస్సుకు ఆ పని మీదే హైదరాబాద్ వెళ్తున్నాను.