విదేశంలో ఉన్నప్పుడు జబ్బు పాకుతా ఉంటే ట్రిప్ మధ్యలో ఆపేసి వచ్చేయాలా?

జ్వరం లేకుంటే వచ్చేయండి అనే చెప్తా. ఎందుకంటే మన ఒంటికి జబ్బు వచ్చేలోపే విమానాలు ఆగిపోవచ్చు. 2020లో, కరోనా అప్పుడు, మా పిన్ని తన కూతురి కాన్పుకని కడప నుంచి కువైట్ పోయింది, మార్చి నెలాఖరుకు టికెట్ ఉంది కదా అని ఆగింది, మార్చి 13కే కువైట్ విమానాలు ఆపేసింది, 22 నుంచి మన దేశం కూడా బయటి విమానాలు రానీలేదు, బయట ఇరుక్కున్నోళ్ళని తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న. షుగర్ మాత్రలు చివరి స్ట్రిప్పులో నాలుగు మిగిలినప్పుడు ఫోన్లో ఏడ్చింది, ఆ గొంతు ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే టికెట్ క్యాన్సిల్ చేయకుండా ముందు ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి డేట్ మార్చమనండి, ఇట్లాంటప్పుడు చాలాసార్లు మార్పు ఛార్జీ వదిలేస్తారు, టికెట్ ధరలో తేడా మాత్రం కట్టాల్సి రావచ్చు. డైరెక్ట్ ఫ్లైట్ దొరికితే అదే తీసుకోండి, మధ్యలో ఇంకో దేశంలో ఇరుక్కుంటే చాలా కష్టం. జబ్బు వార్తల్లోకి వచ్చినాక కొన్న ఇన్సూరెన్స్ మామూలుగా దానికి పనికిరాదు, పాత పాలసీ అయినా మహమ్మారికి మినహాయింపు పెట్టినారేమో చూసుకోండి.

జ్వరం, దగ్గు ఉంటే మాత్రం దయచేసి విమానం ఎక్కొద్దండి, అక్కడే చూపించుకోండి. ఇంటికొచ్చినాక ఒళ్ళు వెచ్చబడితే ఏ దేశం నుంచి వచ్చినారో డాక్టరుకు మొదటే చెప్పండి.