స్మార్ట్ సిటీ అంటే విశాఖ మొత్తమా?

కాదు, స్మార్ట్ సిటీ మిషన్‌కు విశాఖపట్నం ఎంపికైనంత మాత్రాన నగరంలోని ప్రతి వీధినీ ఆ పథకం కింద కొత్తగా తీర్చిదిద్దాలని అర్థం కాదు. 2015 జూన్‌లో కేంద్రం ప్రారంభించిన ఈ మిషన్, ఒక్కో నగరంలో ఎంచుకున్న కొంత ప్రాంతాన్ని సమగ్రంగా అభివృద్ధి చేయడానికి, దానితో పాటు సాంకేతికత ఆధారంగా నగరమంతటికీ పనికివచ్చే కొన్ని ఏర్పాట్లు చేయడానికి రూపొందింది. 2016 జనవరిలో తొలి 20 నగరాల జాబితాలో చోటు దక్కిన విశాఖలో అలా ఎంచుకున్న ప్రాంతం ఆర్కే బీచ్ పరిసరాలు. ఇలా కొంత ప్రాంతానికే పరిమితం కావడానికి కారణం నిధుల పరిమితి: ఒక్కో నగరానికి ఐదేళ్లలో కేంద్రం ఇవ్వదలచినది సుమారు 500 కోట్ల రూపాయలు, అంతే మొత్తాన్ని రాష్ట్రమో నగరపాలక సంస్థో సమకూర్చాల్సి ఉండేది.

నగరమంతటికీ పనికివచ్చే ఏర్పాట్లకు విశాఖలోని ముడసర్లోవ జలాశయంపై తేలే 2 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం మంచి ఉదాహరణ. కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊళ్లో ఖాళీ స్థలం దొరకడమే గగనం కనుక ఫలకాలను నీటిపైనే పరిచారు. నీటి చల్లదనానికి అవి అంతగా వేడెక్కవు, వాటి నీడన నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది.

వీధిలో మురుగు కాలువ పూడుకుపోతే ‘స్మార్ట్ సిటీ ఇదేనా’ అనడం మామూలే గానీ, ఆ పని నగరపాలక సంస్థ రోజువారీ బాధ్యత. మిషన్ పనులు చూసేందుకు ప్రత్యేకంగా వేరే కంపెనీని ఏర్పాటు చేశారు.