విదేశాల్లో నచ్చిన అంజూర చెట్టు నుంచి కొమ్మలు తెచ్చుకుని వేళ్లు తొడిగించవచ్చా?

తెచ్చుకోవచ్చు. అంజూర చాలా తేలిగ్గా వేళ్లు తొడిగే మొక్క. కానీ చాలా దేశాలు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు తెగుళ్లు లేవని అధికారులు ఇచ్చే పత్రం) లేని కొమ్మను లోపలికి రానివ్వవు. కొన్నిచోట్ల ముందే దిగుమతి పర్మిట్ కూడా తీసుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లో 2019 డిసెంబరు 14 నుంచి ప్రయాణికుల సామానులోని కొమ్మలకూ సర్టిఫికెట్ ఉండాల్సిందే. దొంగచాటుగా మాత్రం తేవద్దు. ఆకుల మీద పసుపు మచ్చలు తెచ్చే అంజూర మొజాయిక్ వైరస్ కొమ్మలతోనే దేశాలు దాటుతుంది, దాన్ని అంటించే కంటికి ఆనని నల్లి మొగ్గల్లో దాక్కుని వస్తుంది. అనుమతి దొరకదని తెలిస్తే నేను ఆ చెట్టును అక్కడే వదిలేస్తాను.

నన్నడిగితే అసలు పని చెట్టును ఎంచుకోవడమే. గోడ పగుళ్లలో, రాళ్ల మధ్య తనంతట తాను మొలిచిన చెట్టు జోలికి వెళ్లను. అది గింజ నుంచి వచ్చి ఉంటుంది, అలాంటివాటిలో ఇంచుమించు సగం తినడానికి పనికొచ్చే పండు ఇవ్వని మగ చెట్లే. స్మిర్నా రకాలతో ఇంకో చిక్కుంది. ఒక చిన్న జాతి కందిరీగ పుప్పొడి మోసుకొస్తేనే వాటి కాయ నిలుస్తుంది. 1880లలో కాలిఫోర్నియా రైతులు ఈ మొక్కలు తెప్పించి నాటారు. చెట్లు ఏపుగా పెరిగాయి, కాయలు మాత్రం రాలిపోయాయి. 1899లో ఆ కందిరీగ అక్కడ నిలదొక్కుకున్నాకే పంట చేతికొచ్చింది. అందుకే యజమానిని అనుమతితో పాటు రకం పేరు కూడా అడుగుతాను. బ్రౌన్ టర్కీ, కడోటా, బ్లాక్ మిషన్ లాంటివైతే కందిరీగతో పని లేదు. కొమ్మలు తీసే చలికాలంలో ఆకులుండవు కాబట్టి, వేసవిలో తీసిన ఫోటో ఉంటే చూపించమంటాను. ఆకుల మీద పసుపు మచ్చలుంటే వద్దనుకుంటాను.

ఆకు రాలాక, కిందటేడు పెరిగిన పెన్సిల్ మందం కొమ్మను మూడు నాలుగు కణుపులు ఉండేలా, 15–20 సెంటీమీటర్ల పొడవున కోయండి. గ్లౌజులు తప్పనిసరి. కోసినచోట కారే పాలు అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి. పాలు ఆరాక కొద్దిగా తడిపిన కాగితంలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పేరు రాసుకోండి. గడ్డకట్టని చల్లదనంలో, అంటే ఫ్రిజ్ కింది అరలో వారాల తరబడి ఉంటాయి.

వేళ్లు తొడిగించే దశలో చాలామంది కొమ్మను నీళ్లతోనే చంపేస్తారు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లని గుల్ల రాతి గుళికలు) కలిపి తడిపి, పిడికిట్లో గట్టిగా పిండినా నీటి చుక్క రాలనంత పొడిగా ఉంచాలి. అడుగున రంధ్రాలున్న పారదర్శకమైన గ్లాసులో నాటి, 22–25 డిగ్రీల వెచ్చదనం ఇవ్వండి. ముందు ఆకులొస్తాయి. అవి కొమ్మలో దాచుకున్న ఆహారంతో వచ్చినవి, వేళ్లకు గుర్తు కాదు. ఆ ఆకుల్ని చూసి నీళ్లు పెంచితే అడుగు కుళ్లిపోతుంది. గ్లాసు అంచున తెల్లని వేళ్లు కనిపించేదాకా, సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు, ఓపిక పట్టండి. పైపొర ఆరుతూ ఉంటే చిన్న నల్ల ఈగలు కూడా గుడ్లు పెట్టవు, వాటి పురుగులు లేత వేళ్లను తినేస్తాయి.

కుండీలోకి మార్చాక మొదటి వేసవి అంతా మిగతా అంజూర మొక్కలకు దూరంగా పెంచండి. ఆకులు వంకర్లు పోయి పసుపు మచ్చలు పడితే ఎంత ఇష్టపడి తెచ్చినా సరే, తీసేయండి.