రిపోర్టులో ‘హై’ అని వచ్చినంత మాత్రాన కంగారు పడకండి: మా అమ్మ విషయంలో జరిగింది

మీ అమ్మగారికి 69 ఏళ్లు, అమ్మమ్మగారికి అల్జీమర్స్ ఉండేది, అమ్మగారికి ప్రస్తుతం ఏ ఇబ్బందీ లేదు, పీ-టావ్ 217 అనే రక్తపరీక్ష చేయించి ఆ జబ్బు వస్తుందో లేదో ముందే తెలుసుకోవచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. మా అమ్మకు తొందరపడి చేయించి, మూడు వారాలు నిద్ర లేకుండా తిరిగినవాణ్ణి. ఆ అనుభవంతో చెప్తున్నా: ఇప్పుడు వద్దు.

మా పెద్దమ్మ చివరి రోజుల్లో కన్నకొడుకునే "ఎవరబ్బాయివి నాయనా?" అని అడిగేది. అందుకే అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి ఒకే కబురు మూడుసార్లు చెప్పేసరికి నా గుండె జారిపోయింది. సంక్రాంతికి వెళ్తే పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబులో ఈ పరీక్ష ఉందని తెలిసి, ఏ డాక్టర్నీ అడక్కుండా బుక్ చేసేశాను. అమ్మకు మాత్రం షుగర్ టెస్టని చెప్పాను. (ఈ సంగతి తర్వాత బయటపడింది. "నా బుర్రకు టెస్టు చేయించి నాకే చెప్పవా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మీరు ఆ పని చేయకండి.) రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. ఒక అంకె, పక్కన ఎర్రగా ‘హై’. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఒక్క ముక్క లేదు. నేనూ అక్కా ఫోన్లో ఏడవడం ఒకటే తక్కువ.

న్యూరాలజిస్టు గారు ఆ కాగితం చూసి మొదట అడిగింది, "క్రియాటినిన్ ఎంత?" కిడ్నీల పనితీరు చెప్పే అంకె అది, అమ్మకు 1.6. ఆమెకు ఇరవై ఏళ్లుగా షుగరు, కిడ్నీలు కొంచెం నెమ్మదించాయి. టావ్ అనేది మెదడు కణాల్లో ఉండే ప్రొటీన్. అల్జీమర్స్ మొదలైతే దాని ఒక రూపం, అదే ఈ పీ-టావ్ 217, రక్తంలో పెరుగుతుంది. పెరిగినా అది ఎంతనుకున్నారు, పికోగ్రాముల్లో కొలుస్తారు, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అంత సూక్ష్మమైన లెక్క కదా, కిడ్నీ పనితీరు తగ్గినా అంకె పెరిగి కూర్చుంటుంది. ఒళ్లు ఎక్కువున్నవాళ్లలో తగ్గి కనబడొచ్చు. ఎన్ఎఫ్ఎల్ అనే ఇంకో ప్రొటీన్ పరీక్ష కూడా కొన్ని ప్యాకేజీల్లో కలిపేస్తున్నారు. అది పక్షవాతం వచ్చినా, వేరే నరాల జబ్బున్నా పెరుగుతుంది.

అలాగని పరీక్షే దండగ అనడం లేదు. 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లూమిపల్స్ అనే రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. అందులో పీ-టావ్ 217ను అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌తో నిష్పత్తి కట్టి చూస్తారు. 499 మంది నమూనాలతో చూస్తే, పాజిటివ్ వచ్చినవాళ్లలో 91.7 శాతం మందికి మెదడులో అమిలాయిడ్ నిజంగానే ఉంది. బాగానే ఉంది కదా. కానీ ఆ అనుమతి 55 ఏళ్లు దాటి, మతిమరుపు లక్షణాలు అప్పటికే కనబడి, స్పెషలిస్టు దగ్గరికి వచ్చినవాళ్లకే.

మీరడుగుతున్నది వేరే ప్రశ్న: ఏ లక్షణమూ లేని మనిషికి ముందు ముందు వస్తుందా రాదా అని. దానికి స్వీడన్‌లో స్టాక్‌హోమ్ వాళ్లు చేసిన అధ్యయనం చూడాలి. డిమెన్షియా (ముదిరే మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ అందులో ఒక రకం) లేని 2,148 మంది పెద్దవాళ్ల రక్తం తీసి, పదహారేళ్ల దాకా గమనించారు. టావ్, ఎన్ఎఫ్ఎల్ లాంటి ఈ ప్రొటీన్లు తక్కువున్నవాళ్లకు రాబోయే పదేళ్లలో రాదని చెప్పడంలో 90 శాతానికి పైగా కరెక్టయింది. ఎక్కువున్నవాళ్లలో వస్తుందని చెప్పినది మాత్రం సగం కూడా నిజం కాలేదు. అంటే ‘నార్మల్’ వస్తే కొంత ధైర్యం. ‘హై’ వస్తే మిగిలేది టెన్షనే. వచ్చాక చేసేదేమిటి? లెకానెమాబ్, డొనానెమాబ్ లాంటి కొత్త మందులు కూడా లక్షణాలు మొదలైనవాళ్లకే ఇస్తారు.

మా అమ్మకు చివరికి తేలిందేమిటంటే బీ12 బాగా తక్కువ. పూర్తి శాకాహారం, పైగా షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్. ఈ రెండూ కలిస్తే బీ12 పడిపోవడం మామూలేనట. దురదకని రోజూ రాత్రి వేసుకునే పాత మాత్ర కూడా పెద్దవాళ్లకు మతిమరుపు తెస్తుందని మాన్పించారు. థైరాయిడ్ చూశారు, బాగానే ఉంది. చెవులు పరీక్షిస్తే కుడిచెవి సగం వినబడట్లేదు. వినికిడి తగ్గడం కూడా డిమెన్షియా ముప్పు పెంచేవాటిలో ఒకటి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, చూపు, ఒంటరితనం లాంటివి కలిపి మార్చుకోగలిగిన కారణాలు పద్నాలుగున్నాయని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. మీ అమ్మగారికి ఖర్చు పెట్టాలనుకుంటే ముందు వీటి మీద పెట్టండి. కిడ్నీ పరీక్ష, బీ12, థైరాయిడ్, చెవి, కన్ను అన్నీ కలిపినా నేను ఆ ఒక్క అంకెకు కట్టినంత కాలేదు.

మొదటిసారి డాక్టరు గారు ఐదు మాటలు చెప్పి, ఐదు నిమిషాల తర్వాత అడిగితే అమ్మ మూడే చెప్పింది. బీ12 ఇంజెక్షన్లయ్యాక, ఆరు నెలలకు మళ్లీ వెళ్తే నాలుగు చెప్పింది. ఐదోది "ఏదో పువ్వండీ" అంది. ఏడాదికి మళ్లీ రమ్మన్నారు. అప్పటికి గుర్తుండే మాటలు ఇంకా తగ్గితే స్కాన్ సంగతి చూద్దామన్నారు. చెవి మెషిన్ మాత్రం కొని మూడు నెలలైనా బీరువాలోనే ఉంది, మా అక్క వచ్చినప్పుడే బయటికొస్తుంది.