ఇంటిపనికి మనిషిని పెట్టుకునేవారు, ఆ పనికి వెళ్లేవారు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాము. ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టడం, అంట్లు తోమడం, బట్టలు మిషన్‌లో వేసి ఆరేయడం అనే మూడు పనులకు నెలకు 4,500 రూపాయలకు ఒకామెను మాట్లాడుకున్నాము. మొదటి నెల బాగానే వచ్చింది. రెండో నెలలో ఆరు నాగాలు పెట్టింది. జీతం కోస్తామంటే మానేస్తానంటోంది. ఇంతకుముందు ఇద్దరు ఇలాగే మానేశారు. మేము ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఆరు నాగాలు అన్నారు గాని, నెలకు ఎన్ని సెలవులని ముందు అనుకున్నారో మీ ఉత్తరంలో లేదు. ఈ విషయం మీద నాకు వచ్చే ఉత్తరాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. జీతం మాట్లాడుకుంటారు, ఎన్ని గంటలకు రావాలో మాట్లాడుకుంటారు, సెలవుల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తనప్పుడు ఆమె లెక్క ఆమెకు, మీ లెక్క మీకు ఉంటుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న జెనీవాలో ఇంటిపనివారి కోసం 189వ ఒడంబడికను ఆమోదించింది. వారానికి కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలన్నది అందులోని ఒక నియమం. మన దేశం ఆనాడు దానికి అనుకూలంగా ఓటు వేసినా ఇంతవరకు ధ్రువీకరించలేదు కనుక అది మీ ఇంటికి చట్టమై రాదు. అయినా మీ ఆఫీసు మీకు ఇచ్చే వారాంతపు సెలవును తలచుకుంటే, జీతంతో కూడిన నాలుగు సెలవులు ఎక్కువని మీరు కూడా అనలేరు. ఆ లెక్కన మీ ఆరు నాగాల్లో నాలుగు సెలవులే. మిగిలినవి రెండు. 4,500ను 30తో భాగిస్తే రోజుకు 150 రూపాయలు, అంటే మీ తగాదా మొత్తం 300 రూపాయల గురించి. ఆ రెండు రోజులు ఎందుకు రాలేదో అడిగారా? పిల్లాడికి జ్వరమో, ఊళ్లో చావో అయితే కోయకండి. చెప్పకుండా మానేసి ఉంటే, ఇకమీదట ముందురోజు రాత్రిలోగా ఫోన్ చేయాలని, చేయకపోతేనే కోత ఉంటుందని ఇప్పుడే చెప్పుకోండి. జరిగిపోయిన నెలకు ఈ కొత్త నియమాన్ని పెట్టకండి.

జీతం ఎంత ఉండాలన్నది పేటను బట్టి మారుతుంది. పనుల లెక్కతో పాటు గంటల లెక్క కూడా వేసి చూడండి. మీ ఇంట్లో ఆ మూడు పనులకు గంటన్నర పడుతుందనుకుంటే, నెలకు 26 రోజులకు 39 గంటలు అవుతాయి. గంటకు సుమారు 115 రూపాయలు పడుతుంది. చుట్టాలు వచ్చి అంట్లు రెట్టింపై ఆ గంటన్నర రెండున్నర గంటలైన రోజులు నెలలో పది ఉంటే, ఆ 115 దాదాపు 92కు దిగుతుంది. ఆమె ముఖం చిట్లించుకునేది అప్పుడే. బాత్‌రూములు కడగడం, సంక్రాంతికి బూజులు దులపడం, ఫ్యాన్లు తుడవడం మీరు చెప్పిన మూడు పనుల్లో లేవు కాబట్టి వాటికి వేరే డబ్బు ఇవ్వాలి. "పక్క ఫ్లాటు వాళ్లు ఇంతే ఇస్తున్నారు" అన్న మాట రేటు తెలుసుకోవడానికి పనికొస్తుంది గాని, అపార్ట్‌మెంట్ వాళ్లంతా కూడబలుక్కుని ఇంతకు మించి ఇవ్వకూడదని కట్టడి పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

జీతాన్ని ఐదో తారీఖు దాటనివ్వకండి. ఆమె ఇంటి అద్దె, చిట్టీ డబ్బు కట్టాల్సిన రోజులు కూడా అవే. అడ్వాన్సు ఇస్తే ఒక చిన్న నోటుపుస్తకంలో ఎంత ఇచ్చారో, నెలకు ఎంత పట్టుకుంటున్నారో రాసి, ఆ పేజీని ఆమె ఫోనులో కూడా ఫోటో తీయించండి. ఆధార్ కార్డు చూసి నకలు తీసుకోవచ్చు గాని అసలు కార్డును మీ బీరువాలో పెట్టుకోకూడదు.

ప్రశ్న: మా అమ్మ చెబుతుంటే నేను రాస్తున్నాను. అమ్మకు 38 ఏళ్లు. ఐదు ఇళ్లలో పని చేస్తుంది. వేళ్ల సందులు పాసిపోయి మంట పుడుతున్నాయి. ఒక ఇంట్లో బాత్‌రూముకు యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి వేయమన్నారు. ఆ రోజు దగ్గుతో ఊపిరాడలేదు. ఇంకో ఇంట్లో ఉంగరం పోయిందని అమ్మ సంచీ వెతికి, చీర దులిపించి, పోలీసులకు పట్టిస్తామన్నారు. నెల జీతం ఇవ్వకుండా మానిపించారు. వారం తర్వాత ఉంగరం వాళ్ల ఇంట్లోనే దొరికిందని వాచ్‌మన్ చెప్పాడు. ఆ జీతం అడగవచ్చా? అమ్మకు రేపు వయసు మీద పడితే ఏమైనా ఆధారం ఉంటుందా?
– ఇంటర్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఈ జవాబును మీ అమ్మగారికి చదివి వినిపించండి. ముందుగా యాసిడ్ సంగతి, ఎందుకంటే అది ప్రాణం మీదికి తెచ్చేది. బాత్‌రూము యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దానికి బ్లీచింగ్ పౌడర్ తగిలితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. తలుపు వేసి ఉన్న చిన్న బాత్‌రూములో అది ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. ఎవరు చెప్పినా ఆ రెండింటినీ కలపకూడదు, ఒకటి వేసి పూర్తిగా కడగకుండా రెండోది వేయకూడదు. పొరపాటున ఘాటు వస్తే అది తగ్గాక కడుగుదామని అక్కడే నిలబడకుండా బయట గాలిలోకి వచ్చేయాలి. ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

వేళ్ల సందులు పాసిపోవడానికి కారణం చేతులు గంటల తరబడి సబ్బునీళ్లలో నానడం. తడి ఆరని చోట శిలీంధ్రం (ఫంగస్) చేరుతుంది, గోరుచుట్టు కూడా అలాగే వస్తుంది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లేముందు వేళ్ల సందులను పొడి గుడ్డతో ఒత్తుకోవాలి. రబ్బరు గ్లౌజుల లోపల చెమట పడితే మళ్లీ అదే బాధ కనుక లోపల పలుచని నూలు గ్లౌజులు వేసుకోవాలి. తగ్గకపోతే కింగ్ జార్జ్ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించండి. ఆ గ్లౌజులు కొనవలసింది పని చేయించుకునే ఇంటివాళ్లే అని నా అభిప్రాయం. చీపురు, మాపు వాళ్లు కొంటున్నప్పుడు ఇవి ఎందుకు కొనరు?

ఇక జీతం. చేసిన పనికి డబ్బు అడగడానికి మీ అమ్మగారికి పూర్తి హక్కు ఉంది, ఉంగరం దొరికినా దొరక్కపోయినా. దొంగతనం జరిగిందన్న అనుమానంతో జీతం ఆపే అధికారం ఇంటివాళ్లకు లేదు. వాళ్లు చేయగలిగింది పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడం మాత్రమే. ఒంటిమీద వెతికే అధికారం అంతకన్నా లేదు. పోలీసులైనా సరే, మహిళను మరో మహిళ మాత్రమే, మర్యాదకు భంగం కలగకుండా తనిఖీ చేయాలని చట్టం చెబుతోంది. అసాధారణ పరిస్థితుల్లో, అదీ మేజిస్ట్రేట్ అనుమతితో మహిళా పోలీసు అధికారి వస్తే తప్ప, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు మహిళను అరెస్టు చేయకూడదు. ఇది తెలిస్తే "పట్టిస్తాం" అన్న బెదిరింపుకు సగం బలం పోతుంది.

మీరు వెళ్లవలసిన చోటు జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. తెల్లకాగితం మీద మీరే దరఖాస్తు రాసి ఇవ్వవచ్చు. వాళ్లు అవతలివాళ్లను పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ కుదర్చడానికి ప్రయత్నిస్తారు. వెళ్లేటప్పుడు గత నెలల జీతం ఫోనులో పడిన వివరాలు, గేటు దగ్గర రిజిస్టరులో అమ్మ పేరు ఉన్న పేజీల ఫోటోలు ఉంటే పట్టుకెళ్లండి. ఏ ఇంట్లోనైనా మగవాళ్లు అసభ్యంగా ప్రవర్తిస్తే, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం కింద జిల్లా స్థాయి స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ చట్టం ఇంటిని కూడా పనిచేసే చోటుగానే లెక్కిస్తుంది.

వయసు మీద పడినప్పటి ఆధారానికి ఆలస్యం చేయకండి. ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ పథకంలో 18 నుంచి 40 ఏళ్లలోపు, నెల ఆదాయం 15,000 రూపాయలకు మించనివారు చేరవచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయల వరకు కడితే కేంద్రం అంతే జమ చేస్తుంది, 60 ఏళ్లు నిండాక నెలకు 3,000 రూపాయల పింఛను వస్తుంది. అమ్మకు 38 అన్నారు కాబట్టి ఇంకా వ్యవధి కొంచెమే ఉంది. అసంఘటిత కార్మికుల పేర్లు కేంద్రం దగ్గర చేర్చుకునే ఈ-శ్రమ్ నమోదు 16 నుంచి 59 ఏళ్లవారికి ఉచితం. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే సురక్షా బీమాలో చేరితే, ప్రమాదంలో మరణించినవారి కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. తడి మెట్లమీద నడిచే పనిలో అది చిన్న సంగతి కాదు.

ప్రశ్న: మా అత్తగారికి చేదోడుగా ఊరి నుంచి 13 ఏళ్ల అమ్మాయిని తెచ్చుకుని, మా ఇంట్లోనే ఉంచి చదివిద్దామనుకుంటున్నాము. వాళ్ల తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. తప్పేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచే నిషిద్ధం. 2016 సవరణ తర్వాత ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు గాని, 20,000 నుంచి 50,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. తల్లిదండ్రులు ఒప్పుకోవడం మిమ్మల్ని కాపాడదు. పొద్దున్నే లేచి మీ అత్తగారికి కాఫీ ఇచ్చి, అంట్లు తోమి బడికి వెళ్లే పిల్ల ఎన్నాళ్లు బడికి వెళ్తుందో మీరే ఆలోచించండి. చదివించాలన్న కోరిక నిజమైనదైతే, వాళ్ల మండలంలో ఆరో తరగతి నుంచి ఉచిత వసతితో చదువు చెప్పే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు ఉందేమో కనుక్కుని, పుస్తకాలకు, బస్సు ఛార్జీలకు మీరు డబ్బు పంపండి. అత్తగారి కోసం మీ వీధిలోనే ఉదయం మూడు గంటలు రాగల పెద్దామెను ఒకరిని మాట్లాడుకుని, నెలకు నాలుగు సెలవులని ముందే చెప్పండి.