గాలిమరల కింద వెతికే ముందు

అమ్మాయీ,

గాలిమరల దగ్గర గబ్బిలాల మీద, పక్షుల మీద పరిశోధన మొదలుపెట్టానని రాశావు. చాలా సంతోషం. ఒక్క మాట మాత్రం నన్ను కలవరపెట్టింది. ‘గాలిమరలు తగిలి చచ్చినవాటి కోసం వారమంతా వెతికాం, ఏమీ దొరకలేదు, కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేనట్టే’ అన్నావు. ఆ ‘కాబట్టి’ దగ్గర ఆగు.

ఎండుగడ్డిలో పడ్డ గబ్బిలాన్ని ఎప్పుడైనా చూశావా? రెక్కలు ముడుచుకుంటే బొటనవేలంత ఉంటుంది, రంగేమో ఎండుటాకు రంగు. రెండడుగుల దూరంలో ఉన్నా ఆకే అనుకుని దాటిపోతాం. ఒక్కోసారి తెల్లారి మనం వెళ్లేలోపే కాకో నక్కో ఎత్తుకుపోతుంది, మిగిలితే చీమలు పట్టేస్తాయి. అందుకే ముందు మీ కళ్లను పరీక్షించుకోండి. వెతికేవాళ్లకు చెప్పకుండా పది కళేబరాలు అక్కడక్కడా పెట్టించు. నాలుగే దొరికాయనుకో, దొరికిన ప్రతి రెండింటికీ మూడు మీ కళ్లుగప్పినట్టే. మరికొన్నిటిని కదపకుండా వదిలేసి, ఎన్ని రోజులు ఉంటున్నాయో రోజూ చూసి రాసుకో. శిక్షణ పొందిన కుక్క దొరికితే వదులుకోకు, గబ్బిలాలను పట్టడంలో మనకంటే అదే నయం. మీ కళ్లుగప్పేవెన్నో, కళేబరాలు ఎన్నాళ్లు ఉంటాయో, ఈ రెండు దిద్దుబాట్లూ లేని సున్నాను నేనైతే నమ్మను.

టర్బైన్లు పెట్టకముందు అక్కడి గబ్బిలాల, పక్షుల సర్వే చేశారేమో అడుగు. లేకపోతే, అలాంటిదే గాలిమరలు లేని చోటొకటి పోల్చడానికి ఎంచుకో.

ఇంజినీర్లతో పేచీ పెట్టుకోకు. వాళ్లకు తాము చేయగలిగిన పనేదో చెప్పాలి. గబ్బిలాలు ఎక్కువగా చచ్చేది వలస కాలంలో, గాలి తక్కువగా ఉన్న రాత్రుల్లో. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2008, 2009లో ఆ కాలపు రాత్రుల్లో, గాలి మరికాస్త వేగం అందుకున్నాకే మర తిరగడం మొదలయ్యేలా మార్చి చూశారు. చావులు 44 నుంచి 93 శాతం దాకా తగ్గాయి, ఏడాది మొత్తం కరెంటులో నష్టం ఒక శాతం లోపే. ఈ లెక్క చెప్పాక, అప్పటిదాకా మొహం ముడుచుకుని కూర్చున్న ఇంజినీరు కాగితం దగ్గరకు లాక్కోవడం నేను చూశాను.

నార్వేలోని స్మోలాలో ఒక్కో టర్బైన్‌కు ఒక రెక్కకు నల్లరంగు వేస్తే పక్షుల చావులు 70 శాతానికి పైగా తగ్గాయి. అయితే రంగు వేసింది నాలుగు టర్బైన్లకే. మీ చోట పరీక్షించకుండా దాన్ని సిఫారసు చేయకు.

దేన్నీ ఒట్టి చేత్తో ముట్టుకోకు. గబ్బిలాలకు రేబిస్ ఉండొచ్చు, గ్లౌజులు తప్పనిసరి.

పదిలో ఎన్ని దొరికాయో వెంటనే రాయి. రెండే అయినా సరే, దాచకు.