బర్రె బొక్కలు (ఎముకలు) కొరుకుతోంది, సూపర్ ఫాస్ఫేట్ పెట్టొచ్చా?

ప్రశ్న (మునుగోడు వైపు ఒక పాడి రైతు): సార్, నా ముర్రా బర్రె ఈని 2 నెలలైంది, రోజుకి 8 లీటర్లు ఇస్తది. వరిగడ్డి, కొంచెం మక్కపిండి, అంతే మేత. 15 రోజుల సంది గోడలు నాకుడు, గుడ్డలు నములుడు, బయటికి ఇడిస్తే బొక్కలు కొరుకుడు. భాస్వరం తక్కువైంది, సూపర్ పిడికెడు దాణాల కలుపు అంటున్నడు పక్క రైతు. కలపొచ్చా? ఇంకోటి, మా అమ్మకి మోకాలు కింద బొక్క ఇరిగితే ఆపరేషన్ల కాల్షియం ఫాస్ఫేట్ గింజలు నింపిన్రు. బర్రెకి పెట్టే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) గదేనా?

జవాబు: అన్నా, ముందు ఆ సూపర్ బస్తాని దాణా దగ్గర్నుంచి తీసేయండి. భాస్వరం తక్కువైందన్న మాట దాదాపు కరెక్టే కానీ మందు తప్పు. సూపర్ చేసేది రాక్ ఫాస్ఫేట్‌తో, ఆ రాయిలో ఫ్లోరిన్ 3-4 శాతం దాకా ఉంటుంది, అందులో చాలా భాగం ఎరువులోకి వచ్చేస్తుంది, పైరుకి పర్లేదు గానీ బర్రెకి రోజూ పెడితే అది వెళ్లి ఎముకల్లో, పళ్లలో కూర్చుంటుంది. అసలే మీది నల్గొండ, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పేదేముంది. ఫ్లోరైడ్ ఎక్కిన బర్రెల్ని నేను చూశాను, పళ్లు గోధుమరంగుకి తిరిగి అరిగిపోయి, చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటుందని తొట్టిలో మూతి పెట్టదు, కుక్కలాగా నాలుకతో కొంచెం కొంచెం లాక్కుంటుంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక ఎందుకు కొరుకుతోందంటే, బర్రె పాలలో లీటరుకి దాదాపు 1.8 గ్రాముల కాల్షియం, గ్రాముకి కొంచెం పైన భాస్వరం పోతాయి, అంటే రోజూ మీ క్యాన్‌లోకి 14 గ్రాముల కాల్షియం, 9 గ్రాముల దాకా భాస్వరం వెళ్లిపోతున్నాయి, వరిగడ్డిలో భాస్వరం చాలా తక్కువ, అందుకే ఒంట్లో ఎముకల్లోంచి తీసి పాలకి ఇస్తోంది పాపం. బయట బొక్కలు మాత్రం అస్సలు కొరకనివ్వకండి, చచ్చిన పశువు బొక్కల్లో బొటులిజం విషం ఉంటే కాళ్లు చచ్చుబడి పడిపోతుంది, తర్వాత బతికించుకోవడం చాలా కష్టం.

పెట్టాల్సింది ఖనిజ లవణ మిశ్రమం, రోజుకి 50 గ్రాములు దాణాలో కలిపి, ఉప్పు లేని రకమైతే ఉప్పు ఇంకో 30 గ్రాములు. ఐఎస్‌ఐ మార్కు చూసి కొనండి, ఉప్పు లేని రకంలో కాల్షియం 20 శాతం, భాస్వరం 12 శాతం తగ్గకుండా ఉండాలి, భాస్వరం వచ్చేది ఎక్కువగా డీసీపీ నుంచే. విడిగా డీసీపీ కొంటే బస్తా మీద ఫీడ్ గ్రేడ్ అని ఉందో లేదో చదవండి, ఫీడ్ గ్రేడ్‌లో ఫ్లోరిన్ తీసేసి ఉంటుంది. సీసాల్లో వచ్చే కాల్షియం ఒక్కటే తాగిస్తే మీ బర్రె కొరుకుడు తగ్గదు, చాలామంది ఇక్కడే డబ్బులు పోగొట్టుకుంటున్నారు. తవుడు, పత్తి చెక్క కూడా కలపండి, రెంటిలోనూ భాస్వరం బాగా ఉంటుంది, కాకపోతే కాల్షియం తక్కువ కాబట్టి మిశ్రమం ఆపొద్దు. నట్టల మందు వేసి చాలా రోజులైతే డాక్టర్ని అడిగి వేయించండి, నట్టలున్నా ఇలాగే నాకుతాయి. కొరుకుడు ఒక్కరోజులో ఆగదు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. మూత్రం ఎర్రగానో కాఫీ రంగులోనో వస్తే మాత్రం ఆ పూటే డాక్టర్ని పిలవండి, భాస్వరం బాగా పడిపోతే రక్తకణాలు పగిలి అలా వస్తుంది, నరానికి భాస్వరం ఎక్కించాలి, ఆలస్యమైతే చనిపోతుంది.

అమ్మ గారి సంగతి అడిగారు కదా, మంచి ప్రశ్న. జాతి ఒకటే, సరుకు వేరు. మన ఎముకలో గట్టిదనమంతా కాల్షియం ఫాస్ఫేట్ వల్లే, దాన్ని హైడ్రాక్సీ అపటైట్ అంటారు. ఆపరేషన్‌లో నింపేది ఎక్కువగా ట్రైకాల్షియం ఫాస్ఫేటో, అపటైటో, రెండూ కలిపిందో, వాటిలో సన్న రంధ్రాలుంటాయి, సొంత ఎముక కణాలు వాటిలోకి దూరి కొత్త ఎముక కట్టుకుంటాయి, ట్రైకాల్షియం రకం మెల్లగా కరిగిపోతుంది, అపటైట్ చాలా ఏళ్లు ఉంటుంది. డీసీపీ పని మాత్రం కడుపులో కరిగి రక్తంలోకి వెళ్లడం. అందుకని పశువుల డీసీపీ అమ్మకి మాత్రం ఇవ్వకండి, అది మనుషుల కోసం శుద్ధి చేసింది కాదు, ఆవిడకి ఏ మాత్రలు కావాలో ఆపరేషన్ చేసిన డాక్టర్నే అడగండి.

ఒక పని చేయండి అన్నా, బర్రె కింది పెదవి కిందికి లాగి ముందు పళ్లు పగటి వెలుతురులో ఫోటో తీసి పంపండి, గోధుమ మచ్చలు ఉన్నాయేమో చూసి బోరు నీళ్లు మాన్పించాలా వద్దా చెప్తాను.